అవుట్‌పుట్ పోర్టుల దగ్గర బఫర్లను కన్‌స్ట్రెయింట్లతో అదుపు చేయడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. స్కైవాటర్ 130 నానోమీటర్ల ఓపెన్ పీడీకేలో (చిప్ తయారీకి కావలసిన డిజైన్ సమాచార కిట్‌లో) ఉన్న హై డెన్సిటీ స్టాండర్డ్ సెల్ లైబ్రరీతో 16 బిట్ల టైమర్ బ్లాకు ఒకటి తయారు చేస్తున్నాను. సింథసిస్‌కు (కోడ్‌ను గేట్లుగా మార్చడానికి) యోసిస్, ప్లేస్‌మెంట్‌కూ రౌటింగ్‌కూ (గేట్లను చిప్ మీద అమర్చి తీగలతో కలపడానికి) ఓపెన్‌రోడ్ వాడుతున్నాను. క్లాక్ పీరియడ్ 10 నానోసెకన్లు. బ్లాకు పూర్తయ్యాక మా బృందంలో మరొకరు దీన్ని మాక్రోగా (సిద్ధమైన బ్లాకుగా) తీసుకొని పెద్ద డిజైన్‌లో అమర్చుకుంటారు కాబట్టి, నా పోర్టుల మీద బయట ఎంత లోడ్ పడుతుందో ఇప్పటికిప్పుడు నాకు కచ్చితంగా తెలియదు.

డిజైన్ స్వరూపం ఇది. కౌంటర్ 16 బిట్లూ ఫ్లిప్‌ఫ్లాప్‌ల నుంచి నేరుగా అవుట్‌పుట్ పోర్టులకు వెళ్తాయి. అవే బిట్లు లోపల ఇంక్రిమెంటర్‌కూ కంపారేటర్‌కూ కూడా వెళ్తాయి. కంపారేటర్ ఫలితం రిజిస్టర్ లేకుండా కాంబినేషనల్‌గానే ఒక పోర్టు మీదికి వస్తుంది. లెక్కింపు ముగిసిందని తెలిపే ఫ్లిప్‌ఫ్లాప్ ఒక్కటే డన్ అనే పోర్టునూ, ఇంటరప్ట్ అనే పోర్టునూ నడుపుతుంది. ఇవి కాక, పరీక్ష కోసం ఒక ఇన్‌పుట్ పోర్టును మధ్యలో ఏ గేటూ లేకుండా ఒక అవుట్‌పుట్ పోర్టుకు కలిపాను.

బయటి లోడ్ ఎక్కువే ఉండవచ్చన్న ఉద్దేశంతో యోసిస్ లోపల గేట్లను ఎంపిక చేసే ఏబీసీకి ఇచ్చే కన్‌స్ట్రెయింట్ (షరతుల) ఫైలులో సెట్_డ్రైవింగ్_సెల్‌గా ఇన్వ్_2 అనే ఇన్వర్టర్‌ను, సెట్_లోడ్ విలువగా 200ను రాశాను. నెట్‌లిస్ట్ (గేట్లూ వాటి కలయికల జాబితా) తెరిచి చూస్తే నేను ఊహించినదానికి పూర్తి భిన్నంగా ఉంది. కౌంటర్ బిట్ల పోర్టుల దగ్గర ఒక్క బఫరూ (సిగ్నల్ విలువను మార్చకుండా బలపరిచే గేటు) రాలేదు. ఫ్లిప్‌ఫ్లాప్ క్యూ పిన్ నేరుగా పోర్టుకు తగిలి ఉంది. లోపల ఇంక్రిమెంటర్ నుంచి ఫ్లిప్‌ఫ్లాప్ డీ పిన్‌కు వెళ్ళే దారిలో మాత్రం గేట్లన్నీ పెద్ద సైజుల్లోకి మారాయి, కొన్నిచోట్ల బఫర్లు కూడా చేరాయి. కంపారేటర్ పోర్టు ఒక్కదానికే నేను కోరుకున్నట్టు బలమైన గేటు వచ్చింది. డన్, ఇంటరప్ట్ పోర్టుల మధ్యా, టెస్ట్ పోర్టు దగ్గరా నెట్‌లిస్ట్‌లో అసైన్ వాక్యాలు (రెండు తీగలను నేరుగా కలిపే వాక్యాలు) మిగిలిపోయాయి.

సెట్_లోడ్ అవుట్‌పుట్ల కోసం కదా, మరి అది పోర్టులను వదిలేసి లోపలి దారుల మీద ఎందుకు పనిచేసింది? ప్రతి అవుట్‌పుట్ పోర్టు దగ్గరా కచ్చితంగా ఒక బఫర్ ఉండాలని కోరుకుంటే ఏ కన్‌స్ట్రెయింట్ రాయాలి? అసలు ఈ పని సింథసిస్‌లో చేయాల్సినదా, లేక ప్లేస్‌మెంట్ తరువాత చేయాల్సినదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1

మీరు చూసిన నాలుగు లక్షణాలకూ మూలం ఒక్కటే. మీరు ఫైలులో రాసిన సెట్_లోడ్‌ను చదివేది యోసిస్ కాదు, దాని లోపలి నుంచి పిలవబడే ఏబీసీ. ఏబీసీకి మీ బ్లాకు మొత్తంగా ఎప్పుడూ కనిపించదు. యోసిస్ ఫ్లిప్‌ఫ్లాప్‌లను పక్కన ఉంచి, వాటి మధ్యనున్న కాంబినేషనల్ లాజిక్‌ను మాత్రం కోసి ఏబీసీకి అప్పగిస్తుంది. అలా కోసినప్పుడు ప్రతి ఫ్లిప్‌ఫ్లాప్ క్యూ పిన్ ఏబీసీ దృష్టిలో ఒక ఇన్‌పుట్ అవుతుంది, ప్రతి డీ పిన్ ఒక అవుట్‌పుట్ అవుతుంది. ఫైలులో రాసిన లోడ్ ఏబీసీ దృష్టిలోని ప్రతి అవుట్‌పుట్‌కూ వర్తిస్తుంది కాబట్టి, మీ ఇంక్రిమెంటర్ చివరనున్న ప్రతి డీ పిన్ మీదా 200 ఫెమ్టోఫారడ్ల కెపాసిటర్ వేలాడుతున్నట్టు అది లెక్క వేసింది. వాస్తవంలో ఆ డీ పిన్ కెపాసిటెన్స్ కొద్ది ఫెమ్టోఫారడ్లకు మించదు. లేని బరువును మోయడానికి గేట్లు పెరిగాయి.

ఇక కౌంటర్ బిట్ల సంగతి. ఫ్లిప్‌ఫ్లాప్ క్యూ నుంచి పోర్టుకు నేరుగా వెళ్ళే తీగ మధ్యలో కాంబినేషనల్ లాజిక్ ఏమీ లేదు. అంటే ఏబీసీకి పంపిన ముక్కలో ఆ దారే లేదు. మీరు 200 బదులు 2000 రాసినా ఆ పోర్టుల దగ్గర ఏమీ మారదు, లోపలి గేట్లు మాత్రం ఇంకా లావెక్కుతాయి. కంపారేటర్ పోర్టు ఒక్కటే సరిగ్గా వచ్చిందన్నారు. అది కాంబినేషనల్ అవుట్‌పుట్ కనుక ఏబీసీ దృష్టిలోనూ అవుట్‌పుట్టే, మీ దృష్టిలోనూ అవుట్‌పుట్టే. రెండు దృష్టులూ కలిసిన చోట మాత్రమే ఫలితం మీ ఊహకు సరిపోయింది.

డ్రైవింగ్ సెల్ విషయంలోనూ ఇదే జరుగుతుందని గమనించండి. ఇన్వ్_2 మీ బ్లాకు ఇన్‌పుట్ పోర్టులను నడుపుతుందని మీరు చెప్పాలనుకున్నారు, కానీ ఏబీసీ ప్రతి ఫ్లిప్‌ఫ్లాప్ క్యూ పిన్‌నూ ఇన్వ్_2 నడుపుతున్నట్టే భావిస్తుంది. కాబట్టి ఈ ఫైలులోని రెండు పంక్తులనూ మొత్తం డిజైన్‌కు ఒక సగటు పరిసరాన్ని వర్ణించే అంచనాగా చూడాలే తప్ప, పోర్టుల వారీ ఒప్పందంగా చూడకూడదు. పోర్టుల వారీగా వేర్వేరు లోడ్లు చెప్పే వీలు ఆ ఫైలులో లేదు. సెట్_అవుట్‌పుట్_డిలే వంటి ఆదేశాలు అందులో చెల్లవు. టైమింగ్ లక్ష్యంగా అది తీసుకునేది డీ ఆప్షన్‌తో పికోసెకన్లలో ఇచ్చే ఒకే ఒక్క సంఖ్య. మీ క్లాక్‌కు అది 10000 అవుతుంది.

ప్రమాణాల గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే ఈ ఫ్లోలో చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఏబీసీ ఫైలులో సెట్_లోడ్ విలువ ఫెమ్టోఫారడ్లలో ఉంటుంది. అదే పేరుతో ఎస్‌డీసీ (టైమింగ్ షరతుల) ఫైలులో రాసే సెట్_లోడ్‌కు ప్రమాణం లైబ్రరీని బట్టి వస్తుంది, ఈ లైబ్రరీకి అది పికోఫారడ్. ఈ టూల్స్‌ను కలిపి నడిపే ఓపెన్‌లేన్ స్క్రిప్టులలో లోడ్ విలువ 33.442 అని ఫెమ్టోఫారడ్లలో ఉండి, ఎస్‌డీసీలోకి వెళ్ళేముందు 1000తో భాగించబడటం మీరు చూసే ఉంటారు, కారణం ఇదే. ఎస్‌డీసీలోని 0.05ను ఏబీసీ ఫైలులోకి యథాతథంగా తెస్తే లోడ్ దాదాపు సున్నా అవుతుంది. ఏబీసీలోని 50ను ఎస్‌డీసీలోకి తెస్తే ప్రతి పోర్టు మీదా 50 పికోఫారడ్లు పడతాయి. ఆ బరువును ఈ లైబ్రరీలోని ఏ స్టాండర్డ్ సెల్ కూడా తన మాక్స్ కెపాసిటెన్స్ హద్దులో ఉండి నడపలేదు. రెండు సందర్భాల్లోనూ టూల్ ఎర్రర్ ఇవ్వదు, తనకు చెప్పిన సంఖ్యను నమ్మి పని కానిస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. లోడ్, ట్రాన్సిషన్ (సిగ్నల్ అంచు మారడానికి పట్టే సమయం), అవుట్‌పుట్ డిలే అనేవి బ్లాకు చుట్టూ ఉన్న పరిస్థితిని వర్ణించే కన్‌స్ట్రెయింట్లు. ఆ పరిస్థితిలో టైమింగ్ తప్పితే బఫర్ వస్తుంది, తప్పకపోతే రాదు. ప్రతి పోర్టుకూ ఒక బఫర్ తప్పనిసరి అన్నది వేరే రకం కోరిక. అది నిర్మాణానికి సంబంధించినది, దానిని నిర్మాణం చెప్పే ఆదేశంతోనే చెప్పాలి. లోడ్ సంఖ్యను పెంచుకుంటూ పోయి టూల్ చేత బఫర్ పెట్టించాలని చూడటం, నా అభిప్రాయంలో, ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అలవాటు. బఫర్ వచ్చిన చోట కూడా అది అబద్ధపు లోడ్‌కు సరిపడే సైజులో వస్తుంది, లోపల విస్తీర్ణమూ పవరూ వృథా అవుతాయి, పైగా టైమింగ్ రిపోర్టులలోని అంకెలకు అర్థం లేకుండా పోతుంది.

మీ డిజైన్‌లో ఆ నిర్మాణం ఎందుకు అవసరమో కౌంటర్‌లోని ఒక్క బిట్‌ను తీసుకొని చూద్దాం. డీఎఫ్ఎక్స్‌టీపీ_1 అనే చిన్న ఫ్లిప్‌ఫ్లాప్ క్యూ పిన్ మీద మూడు కొమ్మలున్నాయి: ఇంక్రిమెంటర్‌లోని ఎక్స్‌ఓఆర్ గేటు, కంపారేటర్‌లోని మరో గేటు, మీ అవుట్‌పుట్ పోర్టు. మొదటి రెండూ కలిసి కొద్ది ఫెమ్టోఫారడ్లు. మూడోది మీ చేతిలో లేదు. మీ బృందంలోని వ్యక్తి ఆ పోర్టు నుంచి అర మిల్లీమీటరు తీగ లాగి నాలుగు గేట్లకు కలిపితే, ఆ బరువంతా ఈ చిన్న ఫ్లిప్‌ఫ్లాప్ మీదే పడుతుంది. అప్పుడు నెమ్మదించేది బయటికి వెళ్ళే సిగ్నల్ ఒక్కటే కాదు. అదే నెట్ మీద ఉన్న ఇంక్రిమెంటర్ దారి కూడా నెమ్మదిస్తుంది. మీరు ఎంతో శ్రద్ధగా టైమింగ్ కుదిర్చిన రిజిస్టర్ నుంచి రిజిస్టర్ దారి, మీరు ఎన్నడూ చూడని తీగ పొడవు మీద ఆధారపడిపోతుంది. పోర్టు ముందు ఒక బఫర్ ఉండి, ఆ బఫర్ అవుట్‌పుట్ పోర్టుకు తప్ప మరి దేనికీ వెళ్ళకపోతే, ఫ్లిప్‌ఫ్లాప్‌కు కనిపించే లోడ్ ఆ బఫర్ ఇన్‌పుట్ పిన్ వద్దే ఆగిపోతుంది. బయట ఏం జరిగినా దాని ప్రభావం బఫర్ తరువాతి భాగానికే పరిమితం. ఈ ఏకాంతమే మీకు కావలసింది.

దీనికి యోసిస్‌లో రెండు దారులున్నాయి. అసైన్ వాక్యాల కోసం ఇన్స్‌బఫ్ అనే పాస్ ఉంది. నేరుగా కలిసిపోయిన తీగల మధ్య అది బఫర్ సెల్ పెడుతుంది. సెల్ పేరుతో పాటు దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్ల పేర్లు ఇవ్వాలి. ఈ లైబ్రరీలో బఫ్_2కు అవి ఏ, ఎక్స్. ఏబీసీ, హైలోమ్యాప్, స్ప్లిట్‌నెట్స్ అనే పాస్‌లన్నీ పూర్తయ్యాక చివర్లో దీన్ని నడపండి. మీ ఇంటరప్ట్ పోర్టు, టెస్ట్ పోర్టు రెండూ దీంతో సరిపోతాయి. కానీ కౌంటర్ బిట్లకు ఇది పనిచేయదు, ఎందుకంటే అక్కడ అసైన్ లేదు, క్యూ పిన్‌కు తగిలిన తీగే పోర్టు. వాటికి ఆర్‌టీఎల్‌లోనే (మీరు రాసిన డిజైన్ కోడ్‌లోనే) పోర్టు పేరుకూ లోపలి రిజిస్టర్ పేరుకూ తేడా పెట్టి, మధ్యలో బఫ్_2ను ఇన్‌స్టాన్స్‌గా రాయడం ఒక పద్ధతి. లైబ్రరీ సెల్‌ను యోసిస్ లోపలికి తెరిచి చూడదు కాబట్టి దానిని తీసివేయదు, ఏబీసీ కూడా దానిని తాకదు. ఆ ఇన్‌స్టాన్స్‌ను నేరుగా టైమర్ కోడ్‌లో రాయకుండా, అవుట్‌పుట్ బఫర్ అనే ఒక చిన్న మాడ్యూల్‌లో పెట్టుకోండి. రేపు లైబ్రరీ మారితే ఆ ఒక్క ఫైలు మారిస్తే చాలు.

ఏబీసీ ఫైలులో లోడ్‌ను మాత్రం వాస్తవానికి దగ్గరగా తగ్గించండి. మీ అసలు బయటి లోడ్ అంచనాను ఎస్‌డీసీలో రాయండి, దానిని గౌరవించే టూల్ ఓపెన్‌రోడ్‌లో ఉంది.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే లోడ్ తగ్గించి, కౌంటర్ పోర్టులకు బఫర్ మాడ్యూల్ పెట్టి, చివర్లో ఇన్స్‌బఫ్ నడిపాను. సింథసిస్ నెట్‌లిస్ట్‌లో ఇప్పుడు అసైన్ వాక్యాలు లేవు, ప్రతి కౌంటర్ పోర్టు ముందూ బఫ్_2 ఉంది, ఇంక్రిమెంటర్‌లోని గేట్లు మామూలు సైజులకు వచ్చాయి. అయితే ఓపెన్‌రోడ్‌లో ఫ్లోర్‌ప్లాన్ దశ దాటాక చూస్తే ఆ బఫర్లు మళ్ళీ కనిపించడం లేదు. ఫ్లిప్‌ఫ్లాప్‌లు తిరిగి నేరుగా పోర్టులకు తగిలి ఉన్నాయి. మొదటి నుంచి ఉన్న మూడో ప్రశ్న కూడా అలాగే మిగిలింది: ఈ బఫర్లను పెట్టాల్సిన దశ ఏది?

జవాబు 2

నేను ఫిజికల్ డిజైన్ వైపు పనిచేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. మీ ఫ్లో స్క్రిప్టులో రిమూవ్_బఫర్స్ అనే ఆదేశం ఉందేమో వెతకండి. సింథసిస్ పెట్టిన బఫర్లను తీసివేసి, ప్లేస్‌మెంట్ తరువాత లోడ్, ట్రాన్సిషన్ సమస్యలను సరిచేసే రిపేర్_డిజైన్‌కు స్వేచ్ఛ ఇవ్వడం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం సబబైనదే. సెల్స్ ఎక్కడ కూర్చుంటాయో తెలియని దశలో సింథసిస్ పెట్టిన బఫర్, ప్లేస్‌మెంట్ తరువాత తప్పు చోట నిలబడి అడ్డం పడే అవకాశం ఎక్కువ. చిక్కేమిటంటే ఆ ఆదేశానికి టైమింగ్ కోసం పెట్టిన బఫర్‌కూ, మీరు ఏకాంతం కోసం పెట్టిన బఫర్‌కూ తేడా తెలియదు. బఫర్ సెల్ అయితే చాలు, తీసేస్తుంది.

ఆ తేడాను తెలియజేయడానికే సెట్_డోంట్_టచ్ ఉంది. రిమూవ్_బఫర్స్ కన్నా ముందు మీ బఫర్ ఇన్‌స్టాన్స్‌ల మీద దాన్ని పెట్టండి. ఇన్‌స్టాన్స్ పేర్లన్నీ ఒకే ముందుపేరుతో మొదలయ్యేలా ఆర్‌టీఎల్‌లో రాసుకుంటే ఒకే నమూనాతో అన్నిటినీ పట్టుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. డోంట్ టచ్ పెట్టిన సెల్ సైజును కూడా టూల్ మార్చదు. అంటే రేపు నిజమైన లోడ్ తెలిశాక బఫ్_2 చాలదని తేలితే దానిని బఫ్_4గా మార్చే పని మీదే అవుతుంది.

అందుకే మీ మూడో ప్రశ్నకు నేను సూటిగా చెప్పే జవాబు: మీ వంటి మాక్రోకు పోర్టు బఫర్లను సింథసిస్‌లో పెట్టకండి, ఓపెన్‌రోడ్‌లోని బఫర్_పోర్ట్స్ ఆదేశానికి వదిలేయండి. అవుట్‌పుట్స్ అన్న ఆప్షన్‌తో నడిపితే అది ప్రతి అవుట్‌పుట్ పోర్టు ముందూ ఒక బఫర్ పెడుతుంది, ఏ సెల్ వాడాలో కూడా చెప్పవచ్చు. ఆ ఆదేశానికి ఫ్లిప్‌ఫ్లాప్ పోర్టుకు నేరుగా తగిలిందా, మధ్యలో గేటు ఉందా అన్న తేడా లేదు. మొదటి జవాబులో చెప్పిన ఏకాంతం మీకు ఆర్‌టీఎల్ మార్చకుండానే దొరుకుతుంది. ఆ బఫర్ పిన్ స్థానం దగ్గరలో కూర్చునేలా ప్లేసర్ చూసుకుంటుంది, తరువాత రిపేర్_డిజైన్ ఎస్‌డీసీలోని లోడ్‌ను చూసి అవసరమైతే సైజు పెంచుతుంది. సింథసిస్‌లో పెట్టిన బఫర్‌కు ఈ సౌలభ్యాలేవీ లేవు. అసైన్ వాక్యాల కోసం ఇన్స్‌బఫ్ మాత్రం సింథసిస్‌లోనే ఉంచుకోండి. అక్కడ పెట్టే సెల్ నెట్‌లిస్ట్ శుభ్రంగా ఉండటానికి, టైమింగ్ కోసం కాదు.

ఎస్‌డీసీలో ఏ సంఖ్య రాయాలన్నది మీరు అడగలేదు కానీ, ఫలితమంతా దాని మీదే ఆధారపడుతుంది. బయటి తీగ పొడవు తెలియనప్పుడు ఊహించి ఒక గుండ్రటి సంఖ్య రాయడం కన్నా, మీ పోర్టుకు కలిసే సెల్ పిన్ కెపాసిటెన్స్‌ను లైబ్రరీ నుంచి తీసుకొని, ఎన్ని అలాంటి పిన్లకు మీరు హామీ ఇస్తారో దానితో గుణించి, తీగకు కొంత కలపండి. ఆ లెక్కను మాక్రో డాక్యుమెంట్‌లో రాసి పెట్టండి. దానితో పాటు అవుట్‌పుట్ పోర్టుల మీద మాక్స్ ట్రాన్సిషన్ కన్‌స్ట్రెయింట్ కూడా పెట్టండి. లోడ్ చెప్పి ట్రాన్సిషన్ చెప్పకపోతే, డిలే కుదిరినంత వరకు టూల్ నెమ్మదిగా లేచే అంచును కూడా అంగీకరిస్తుంది. ఆ నెమ్మది అంచు మీ పొరుగు బ్లాకులో మొదటి గేటు డిలేను పెంచుతుంది, అక్కడివారికి కారణం దొరకదు.

బఫర్ ఉచితంగా రాదని కూడా గుర్తుంచుకోండి. మామూలు లోడ్ మీద బఫ్_2 టిపికల్ కార్నర్‌లో (సాధారణ తయారీ, వోల్టేజీ, ఉష్ణోగ్రత పరిస్థితిలో) సుమారు 0.1 నుంచి 0.2 నానోసెకన్లు తీసుకుంటుంది, స్లో కార్నర్‌లో ఇంకా ఎక్కువ. మీ 10 నానోసెకన్ల క్లాక్‌లో 20 శాతం అవుట్‌పుట్ డిలేకు ఇచ్చినా మిగిలిన 8 నానోసెకన్లలో రిజిస్టర్ నుంచి వచ్చే కౌంటర్ బిట్‌కు ఇది లెక్కలోది కాదు. కంపారేటర్ పోర్టు సంగతి వేరు. ఇంక్రిమెంటర్ కాకపోయినా 16 బిట్ల పోలిక మొత్తం దాటి వస్తుంది, దాని తరువాత పొరుగువారి లాజిక్ కూడా ఉంటుంది. వీలైతే ఆ ఫలితాన్ని కూడా రిజిస్టర్ చేసి బయటికి పంపమని సలహా ఇస్తాను. ఒక క్లాక్ ఆలస్యం మీ వాడకానికి ఫరవాలేదంటే, దానివల్ల దొరికే నిశ్చింత చాలా ఎక్కువ.

జవాబు 3

సినాప్సిస్ వారి సింథసిస్ టూల్ అయిన డిజైన్ కంపైలర్ వాడేవారు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి, అక్కడ ఇదే సమస్యకు ఉన్న ఆదేశాలను ఇక్కడ చేరుస్తున్నాను. పైన ఇద్దరూ చెప్పిన వర్ణన, నిర్మాణం అన్న తేడా అక్కడ ఆదేశాల పేర్లలోనే కనిపిస్తుంది. సెట్_లోడ్, సెట్_డ్రైవింగ్_సెల్, సెట్_అవుట్‌పుట్_డిలే, సెట్_మాక్స్_ట్రాన్సిషన్ ఒక జాతి. సెట్_ఐసోలేట్_పోర్ట్స్, సెట్_ఫిక్స్_మల్టిపుల్_పోర్ట్_నెట్స్ మరో జాతి.

రెండో జాతిలోని ఈ రెండింటినీ ఒకదానికొకటి బదులుగా వాడటం తరచూ చూస్తుంటాను, కానీ అవి వేరు పనులు చేస్తాయి. సెట్_ఫిక్స్_మల్టిపుల్_పోర్ట్_నెట్స్ ఒకే నెట్ రెండు పోర్టులకు తగలకుండా చూస్తుంది. మీ డన్, ఇంటరప్ట్ జంట వంటివి దాని అవుట్‌పుట్స్ ఆప్షన్ కిందికి, టెస్ట్ పోర్టు వంటివి ఫీడ్‌త్రూస్ ఆప్షన్ కిందికి, స్థిర విలువకు కట్టిన పోర్టులు కాన్‌స్టాంట్స్ ఆప్షన్ కిందికి వస్తాయి. ఆల్ అని రాస్తే మూడూ. బఫర్_కాన్‌స్టాంట్స్ కూడా చేరిస్తే స్థిర విలువలను నకలు చేయడానికి బదులు బఫర్ పెడుతుంది. కంపైల్‌కు ముందే ఈ ఆదేశం ఇవ్వాలి. దీని పని నెట్‌లిస్ట్‌లో అసైన్ లేకుండా చేయడంతో ముగుస్తుంది. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ లోపలి గేట్లనూ ఒకే ఒక్క పోర్టునూ కలిపి నడుపుతుంటే అందులో దీనికి తప్పేమీ కనిపించదు, కాబట్టి అక్కడ బఫర్ పెట్టదు.

ఆ పని సెట్_ఐసోలేట్_పోర్ట్స్‌ది. దానికి టైప్ ఆప్షన్‌తో బఫర్ కావాలో ఇన్వర్టర్ల జంట కావాలో చెప్పాలి, డ్రైవర్ ఆప్షన్‌తో ఏ లైబ్రరీ సెల్ కావాలో చెప్పవచ్చు. మామూలుగా అయితే ఏకాంతం అవసరం లేదని అనిపించిన పోర్టును టూల్ వదిలేస్తుంది. ఉదాహరణకు పోర్టును నడిపే గేటుకు లోపల మరో కొమ్మ లేకపోతే అక్కడ బఫర్ పెట్టదు. ఫోర్స్ ఆప్షన్ ఇస్తే అప్పుడు కూడా పెడుతుంది. ప్రతి పోర్టుకూ తప్పనిసరిగా బఫర్ అన్నది మీ బృందం నియమమైతే ఫోర్స్ వాడండి. లోపలి దారిని బయటి లోడ్ నుంచి కాపాడటమే లక్ష్యమైతే ఫోర్స్ లేకుండానే సరిపోతుంది, విస్తీర్ణమూ మిగులుతుంది. నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను. అన్ని పోర్టులకూ బలవంతంగా బఫర్లు పెట్టిన బ్లాకులను హయ్యరార్కీలో ఒకదాని పక్కన ఒకటి పేర్చినప్పుడు, ప్రతి హద్దు దగ్గరా ఒక బఫర్ డిలే పోగుపడి, పై స్థాయిలో కీలకమైన దారిలో కొన్ని వందల పికోసెకన్లు ఏ పనీ చేయకుండానే ఖర్చవుతాయి.

లోడ్ సంఖ్యను లైబ్రరీ నుంచి తీసుకోమని రెండో జవాబులో చెప్పారు. డిజైన్ కంపైలర్‌లో దానికి లోడ్_ఆఫ్ అనే ఆదేశం ఉంది. లైబ్రరీ సెల్ పిన్ పేరు ఇస్తే దాని కెపాసిటెన్స్‌ను తిరిగి ఇస్తుంది; దానిని 4తో గుణించి సెట్_లోడ్‌కు ఇస్తే, నాలుగు అలాంటి పిన్లను నడపగలను అన్న హామీ సంఖ్యగా కాక వాక్యంగా స్క్రిప్టులో నిలుస్తుంది. లైబ్రరీ మారినా ఆ పంక్తి మార్చక్కరలేదు.

జవాబు 4

ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక ప్రోగ్రామ్ చేసుకునే చిప్) వైపు నుంచి క్లుప్తంగా. అక్కడ ఇవే పదాలు వేరే అర్థంలో వస్తాయి కాబట్టి పైన చదివినది నేరుగా అన్వయించకండి. ఎఫ్‌పీజీఏ టూల్ అయిన వివాడోలో టాప్ మాడ్యూల్ ప్రతి అవుట్‌పుట్ పోర్టుకూ ఓబఫ్ అనే ఐఓ బఫర్ దానంతటదే వస్తుంది. చిప్ పిన్‌ను నడిపే భౌతిక సర్క్యూట్ అదే కాబట్టి అది టైమింగ్ ఎంపిక కాదు. బ్లాకును అవుట్ ఆఫ్ కాంటెక్స్ట్ మోడ్‌లో (విడి బ్లాకుగా) సింథసైజ్ చేస్తే ఆ బఫర్లు రావు. ఒక్క పోర్టుకే వద్దనుకుంటే ఐఓ_బఫర్_టైప్ అనే లక్షణానికి నన్ అని విలువ ఇవ్వాలి.

వివాడో షరతుల ఫైలైన ఎక్స్‌డీసీలో సెట్_లోడ్ రాస్తే టైమింగ్ మారుతుందని ఆశించేవారు ఉన్నారు. వివాడో ఆ విలువను పవర్ లెక్కకు మాత్రమే వాడుతుంది, టైమింగ్ విశ్లేషణలో అది పనికిరాదు. అవుట్‌పుట్ బలాన్ని అక్కడ నిర్ణయించేవి డ్రైవ్, స్ల్యూ అనే లక్షణాలు. 7 సిరీస్ చిప్‌లలో ఎల్‌వీసీమాస్33 ప్రమాణానికి డ్రైవ్ మామూలుగా 12 మిల్లీయాంపులు, స్ల్యూ మామూలుగా స్లో.

మొదటి జవాబులో కౌంటర్ బిట్ గురించి చెప్పిన ఇబ్బందికి అక్కడ ఒక చుట్టం ఉంది. ఐఓబీ లక్షణాన్ని ట్రూ అని పెట్టి అవుట్‌పుట్ రిజిస్టర్‌ను పిన్ దగ్గరి ఐఓ బ్లాకులోకి లాగాలనుకుంటే, ఆ రిజిస్టర్ అవుట్‌పుట్ లోపలి లాజిక్‌కు కూడా వెళ్తున్నప్పుడు అది కుదరదు, ఎందుకంటే ఐఓ బ్లాకులోని రిజిస్టర్ నుంచి లోపలికి తిరిగి వచ్చే దారి లేదు. బఫర్ బదులు అక్కడ రిజిస్టర్‌నే రెండుగా చేయాలి: ఒకటి లోపలి కౌంటర్ కోసం, మరొకటి పోర్టు కోసం. రెండూ ఒకే విలువ మోస్తాయి కాబట్టి సింథసిస్ వాటిని మళ్ళీ ఒకటిగా కలిపేయకుండా పోర్టు నకలు మీద డోంట్_టచ్ పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రెండో జవాబులో చెప్పిన దారి పట్టాను. ఆర్‌టీఎల్‌లోని బఫర్ మాడ్యూల్‌ను తీసేసి, ఇన్స్‌బఫ్ ఉంచి, ఫ్లోర్‌ప్లాన్ తరువాత బఫర్_పోర్ట్స్ నడిపాను. కంపారేటర్ ఫలితాన్ని కూడా రిజిస్టర్ చేశాను. పై స్థాయి డిజైన్ చేసేవారు ఒక క్లాక్ ఆలస్యానికి ఒప్పుకున్నారు. ఎస్‌డీసీలో లోడ్ విలువను మూడు రెట్లు చేసి టైమింగ్ మళ్ళీ నడిపి చూశాను. కౌంటర్ లోపలి రిజిస్టర్ నుంచి రిజిస్టర్ దారుల స్లాక్ (గడువుకు మిగిలే సమయం) కదలలేదు, పోర్టు దారులు మాత్రమే మారాయి. పాత నెట్‌లిస్ట్‌తో అదే ప్రయోగం చేస్తే రెండూ కలిసి దిగజారేవి. ఇంక మిగిలింది ఒకటే: ఫ్లో మారిన ప్రతిసారీ నెట్‌లిస్ట్‌ను కళ్ళతో చూడకుండా ఈ ఏకాంతం నిలిచి ఉందని నమ్మకంగా తెలుసుకోవడం ఎలా?

జవాబు 1 రాసినవారు

లోడ్ పెంచి లోపలి స్లాక్ కదలలేదని చూసుకోవడం మంచి పరీక్ష, దానినే స్క్రిప్టుగా ఉంచుకోండి. నిర్మాణాన్ని కూడా నేరుగా సరిచూడవచ్చు. రౌటింగ్ తరువాతి డిజైన్ మీద ఒక చిన్న టీసీఎల్ లూప్ రాసి, ప్రతి అవుట్‌పుట్ పోర్టుకూ దాని నెట్‌ను తీసుకొని, ఆ నెట్‌ను నడిపే పిన్ ఏ సెల్‌ది, ఆ నెట్ మీద పోర్టు కాక మరే సెల్ ఇన్‌పుట్ అయినా ఉందా అన్న రెండు విషయాలు అడగండి. నడిపేది బఫర్ జాతి సెల్ కాకపోతే, లేదా రెండో కొమ్మ కనిపిస్తే, పోర్టు పేరు అచ్చు వేసి ఫ్లోను ఆపేయండి. టై సెల్ (స్థిరంగా 0 లేదా 1 ఇచ్చే సెల్) నడిపే స్థిర పోర్టులను ఈ నియమం నుంచి మినహాయించండి, వాటికి బఫర్ వల్ల ఒరిగేదేమీ లేదు.

హోల్డ్ (సిగ్నల్ మరీ త్వరగా చేరే లోపం) సరిచేసే దశ ఈ తనిఖీకి ముందే పూర్తి కావాలి. ఆ దశలో పోర్టు దారిలో డిలే సెల్ చేరవచ్చు. అప్పుడు పోర్టును నడిపేది బఫ్_2 కాక డీఎల్‌వై జాతి సెల్ అవుతుంది. ఏకాంతం చెడదు కానీ, ఆ సెల్స్ నడిపే శక్తి తక్కువ కాబట్టి మాక్స్ ట్రాన్సిషన్ రిపోర్టును ఆ పోర్టుల వరకు మరొకసారి చూసుకోండి. తప్పితే, డిలే సెల్‌ను బఫర్‌కు ముందు ఉండేలా మార్చండి.